మందుబండిలో ముందు సీటు

మా నాన్నకు ముగ్గురు సంతానం. పెద్దది మందుగది, రెండోది మా అక్క సుజాత, మూడోదాన్ని నేను. మందుగది అంటే ఓపెన్‌కాస్టు గనిలో రాతిని పేల్చే తూటాలూ డిటోనేటర్లూ భద్రపరిచే గది. కంపెనీ కాగితాల్లో దాని పేరు మ్యాగజైను. మా కాలనీ నోట్లో మాత్రం మందుగదే. అక్కడి నుంచి గని దాకా సరుకు మోసే ఎర్ర వ్యానును మందుబండి అనేవాళ్ళం. మా నాన్న ఆ బండికి డ్రైవరు. ఈ సంతానం వరస నేను కుళ్ళుతో చెబుతున్నానని అక్క అంటుంది. కుళ్ళుతోనే చెబుతున్నాను. అయినా వరస అదే.

పోయిన నెల సమ్మయ్య కాక చనిపోయాడు. మందుబండిలో మా నాన్న పక్క సీట్లో పదిహేనేళ్ళు కూర్చున్న గార్డు ఆయన. భద్రాచలం రోడ్డు మీంచి అడవిలోకి తిరిగే చోట వాళ్ళ పల్లె. పెద్దకర్మకు నాన్న, అక్క, నేను వెళ్ళాం. తిరిగి వచ్చేటప్పుడు కారులో నాన్న ఒక సంగతి చెప్పాడు. ఆ సంగతితో ఇరవై ఏళ్ళకు పైగా నేను పాలుపోసి పెంచుకున్న ఒక అసూయ దిక్కులేనిదైపోయింది. దాని దినవారాల కింద ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మందుగది మీద నాకు ఎందుకంత మంట అంటే, దానికి ఉన్న సౌకర్యాలు మా క్వార్టరుకు లేవు. దానికి ఏటా వెల్లవేసేవారు. మా గోడల మీద నేను మూడో తరగతిలో రాసిన ఎక్కాలు పదో తరగతి దాకా అలాగే ఉన్నాయి. దానికి పిడుగు పడకుండా పైన రాగి కడ్డీ ఉండేది. మాకు పైనుంచి వాన నేరుగా కంచంలోకే పడేది. దాని చుట్టూ పదిహేను అడుగుల మేర గడ్డిపోచ మొలవకూడదు, ఎండుటాకు నిలవకూడదు. ఆదివారం సెలవు రోజున కూడా నాన్న సైకిలేసుకుని వెళ్ళి, అడవి టేకాకులు రాలాయేమోనని చూసి, చీపురు పట్టి ఊడ్చి వచ్చేవాడు. మా వాకిట్లో గడ్డి మోకాలెత్తు పెరిగి, ఒకసారి అందులోంచి పక్కింటివాళ్ళ మేక బయటికి వస్తే అది వాళ్ళు రెండు రోజులుగా వెతుకుతున్న మేక అని తేలింది. అమ్మ అనేది, "గా గదికి ఊడ్సిన చేత్తోటి గీ వాకిలి ఒక్కసారి ఊడ్వరాదు?" నాన్న నిజంగానే ఆలోచించి చెప్పేవాడు, "గిది అంటుకుంటే మనమే పోతం. గది అంటుకుంటే ఊరు పోతది." లెక్క సరైనదే. సరైన లెక్కలు వినడానికి ఎంత చేదుగా ఉంటాయో నాకు ఆ ఇంట్లోనే తెలిసింది.

మందుగది గేటు దగ్గర నీలం రంగు రేకు బోర్డు ఒకటి ఉండేది. దాని మీద తెల్ల అక్షరాలతో 'స్థానిక నియమాలు' అని శీర్షిక. ప్రభుత్వ చట్టం ఎలాగూ ఉంటుంది, కానీ మా అడవికి, మా రోడ్డుకి, మా మనుషులకి సరిపడేలా గని మేనేజరు విడిగా కొన్ని రాయించాడు. ఇంగ్లిషులో ఉన్నవాటిని తెలుగు చేసి, కుంచె పట్టి బోర్డు మీద రాసింది మా నాన్న. ఆయన చేతిరాత అంత బాగుండేది. అగ్గిపెట్టె, బీడీ గేటు దగ్గరే అప్పజెప్పాలి. ఇనుప మేకులున్న చెప్పులతో లోపలికి రావద్దు. పెట్టెలు చెక్క సుత్తితోనే తెరవాలి. ఉరుము వినబడితే పని ఆపి దూరం జరగాలి. డిటోనేటర్లూ తూటాలూ ఒక గదిలో ఉండరాదు. పాత సరుకు ముందు వాడాలి, కొత్తది తరవాత. బండికి సరుకు ఎక్కించగానే ఎర్రజెండా కట్టాలి, దించి లోపల చూసుకోగానే విప్పాలి. జెండా ఉన్న బండి నిండు బండి. దాన్ని దారిలో ఆపరాదు, మనుషుల్ని ఎక్కించరాదు, హోటలు ముందు నిలపరాదు, వేగం ముప్పై కిలోమీటర్లు దాటించరాదు. ఖాళీ బండిలో, అదీ ప్రాణం మీదికి వస్తే, మేనేజరు చీటీ ఉంటేనే రోగిని ఎక్కించవచ్చు. ఇవన్నీ నాకు ఇప్పటికీ నోటికొచ్చు. ఖమ్మంలో కోచింగు కాలేజీలో ఫిజిక్సు చెప్పుకు బతుకుతున్నాను, సూత్రాలు మరిచిపోతుంటాను గానీ, ఇవి మరవను.

ఆ బోర్డు అక్కడితో ఆగితే బాగుండేది. అది మా ఇంట్లోకి కూడా వచ్చింది. స్టవ్వు వంటింట్లో, అగ్గిపెట్టె ముందు గదిలో గూట్లో. పొయ్యి వెలిగించాలంటే అమ్మ ఇల్లంతా నడిచేది. వంటకన్నా ముందు ఆమెకు వాకింగు అయ్యేది. 'పాత సరుకు ముందు' అన్న నియమం పచ్చడి జాడీలకు వర్తించడం మా బాల్యంలో పెద్ద విషాదం. ఎండాకాలంలో కొత్త మామిడికాయ పచ్చడి పెట్టేవాళ్ళు. ఎర్రటి కారం, పైన తేరిన నూనె, ఇల్లంతా ఆవపిండి ఘాటు. మేము అన్నం కంచాలు పట్టుకుని కూర్చుంటే, నాన్న పోయినేడాది జాడీ అడుగున నల్లబడ్డ ముక్కల్ని చూపించేవాడు. "ఇది ఒడిసినంక అది." అది ఒడిసేసరికి కొత్తది పాతబడేది. మళ్ళీ ఎండాకాలం వచ్చేది. పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా నేను కొత్త పచ్చడి మా ఇంట్లో తినలేదు. పక్కిళ్ళల్లో తిన్నాను, దొంగతనంగా. ఇప్పుడు నా వంటింట్లో అగ్గిపెట్టె గ్యాసు పొయ్యి పక్కనే ఉంటుంది, స్వాతంత్ర్యం వచ్చినట్టు. కానీ కొత్త పచ్చడి సీసా మూత మీద చెయ్యి వేయగానే పాతది ఉందేమోనని కళ్ళు వెతుకుతాయి.

అన్నిటికన్నా ఘోరం, అక్కనూ నన్నూ విడదీయడం. మేమిద్దరం ఒకే మంచం మీద పడుకుంటే పది నిమిషాల్లో జుట్లు పట్టుకునేవాళ్ళం. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చిన నాన్న గుమ్మంలోనే నిలబడి కాసేపు చూసి తీర్పు చెప్పాడు. "ఇవి రెండు ఒక్క తాన ఉంచే సరుకు కాదు." అక్క మంచం ముందు గదిలో నాన్న మంచం పక్కకి వెళ్ళింది. నాది వంటింటి వసారాలోకి, మా నానమ్మ దగ్గరికి. నానమ్మ దగ్గర జిందాతిలిస్మాత్ తైలం వాసన, పొగాకు వాసన, గురక. అక్క దగ్గర నాన్న వాసన. ఆయన ఖాకీ చొక్కాకు డీజిలూ మైనమూ కలిసినట్టు ఒక వాసన ఉండేది. అమ్మ దాన్ని మిగతా బట్టలతో కలపకుండా విడిగా నానబెట్టేది. అక్క పొద్దున్నే లేచి, "నిన్న నాన్న నాకు మందుగది ముచ్చట్లు చెప్పిండు తెలుసా," అనేది. నానమ్మ కూడా నాకు ముచ్చట్లు చెప్పేది. నిద్రలో, చనిపోయిన మా తాతను తిడుతూ.

మధ్యాహ్నం రెండు గంటలకు గని సైరను మోగేది. ఆ తరవాత బ్లాస్టింగు. సైరను వినగానే కాలనీలో ప్రతి ఇల్లాలూ ఏదో ఒక వస్తువు పట్టుకునేది. అమ్మ గూట్లోని గాజు సీసా పట్టుకునేది, నానమ్మ తన దవడ పట్టుకునేది. కట్టుడు పళ్ళు కావు, అయినా ఎందుకైనా మంచిదని. నేల కిందినుంచి ఏదో పొట్టేలు కుమ్మినట్టు ఒక్క కదులు. గిన్నెలు గలగలమనేవి. తరవాత అంతా మామూలే. అందరూ దాన్ని గని చప్పుడు అనేవారు. నాకు మాత్రం మా పెద్దక్క మందుగది త్రేన్చినట్టు వినబడేది. ఎందుకు త్రేన్చదు, మా నాన్న చేతి తిండి.

ఇక మందుబండి. పొద్దున్న తొమ్మిదికి నిండుగా వెళ్ళేది, పన్నెండుకు ఖాళీగా వచ్చేది. జెండా రెపరెపలాడుతూ వస్తే కాలనీ పిల్లలమంతా రోడ్డు దిగి పొలం గట్టు మీదికి జరిగేవాళ్ళం. కుక్కలు కూడా జరిగేవి, అలవాటుగా. జెండా లేకుండా వస్తే చేతులూపేవాళ్ళం. నాన్న ఎడమ చేతి రెండు వేళ్ళు స్టీరింగు మీంచి లేపేవాడు. అందరికీ అదే రెండు వేళ్ళు, కూతురికి మూడో వేలు లేదు. పక్క సీట్లో సమ్మయ్య కాక. సన్నగా, పొడుగ్గా, మోకాళ్ళు డ్యాష్‌బోర్డుకు తగిలేట్టు కూర్చునేవాడు. రోజుకు ఎనిమిది గంటలు మా నాన్న పక్కన. నేను లెక్క వేసుకునేదాన్ని: వారంలో నాకు నాన్న పక్కన దొరికేది ఆదివారం కటింగుషాపుకు సైకిలు మీద, అదీ వెనక క్యారేజీ మీద. కాకంటే అందుకే నాకు కొంచెం గుర్రు. పాపం ఆయన వచ్చినప్పుడల్లా తునికిపండ్లు తెచ్చేవాడు. పండ్లు తిని గుర్రు దాచుకునేదాన్ని.

అలాంటి రోజుల్లో అక్కకు బడిలో జ్వరం వచ్చి ఫిట్సులాగా కొట్టుకుంది. హెడ్మాస్టరు గనికి కబురు పంపాడు. మేనేజరు చీటీ రాసిచ్చాడు. బండి ఖాళీ, జెండా లేదు, చీటీ ఉంది. నియమాలన్నీ కుదిరిన జ్వరం అది. నాన్న బడి దగ్గర బండి ఆపి, అక్కను ఎత్తుకుని ముందు సీట్లో తనకూ సమ్మయ్య కాకకూ మధ్యన కూర్చోబెట్టుకుని దవాఖానాకు తీసుకుపోయాడు. మూడు రోజుల్లో అక్కకు జ్వరం తగ్గింది. ఆ కథ మాత్రం ఇప్పటికీ తగ్గలేదు. ముందు సీటు ఎంత మెత్తగా ఉందో, చెక్క సుత్తి ఎక్కడ పెడతారో, నాన్న ఒక చేత్తో బండి నడుపుతూ ఒక చేత్తో తన నుదురు ఎలా పట్టుకున్నాడో, కాక తువ్వాలుతో ఎలా విసిరాడో చెప్పేది. కాలనీలో ఆ బండి ఎక్కిన ఆడపిల్ల తనొక్కతే. పెళ్ళిచూపుల్లో కూడా చెప్పింది. మా బావ భయపడి సరేనన్నాడని నా అనుమానం.

నాకూ జ్వరం రావాలని నేను పడని పాట్లు లేవు. చంకలో ఉల్లిగడ్డ పెట్టుకున్నాను. జ్వరం రాలేదు, వాసన వచ్చింది. వానలో తడిశాను. అమ్మ చేతి దెబ్బలతో ఒళ్ళు వేడెక్కింది గానీ దానికి చీటీ ఇవ్వరు. చివరికి ఒకరోజు పన్నెండు గంటల వేళ, బండి ఎక్కడిదాకా వచ్చిందో చూద్దామని పంపుషెడ్డు గోడెక్కి, కాలు జారి కింద పడ్డాను. ఎడమ చెయ్యి మోచేతి దగ్గర రెండు ముక్కలైంది. ఏడుస్తూనే లోపల ఒక లడ్డు తింటున్నట్టు ఉంది. జ్వరం కాదు, ఏకంగా ఎముక. అక్కను దాటేశాను.

అమ్మ నా చేతికి బడి స్కేలు పెట్టి తన పాత చీర పీలిక చుట్టి కాలనీ మలుపు దగ్గరికి తీసుకొచ్చింది, పాల్వంచ పోయే బస్సు కోసం. అక్కడ సారపాక కాగితం మిల్లులో కాంట్రాక్టు పనికిపోయే ఆడవాళ్ళు, ఒక ముసలమ్మ తాటిముంజల గంపతో, పదిమంది దాకా నిలబడి ఉన్నారు. అప్పుడు దూరంగా ఎర్రగా కనబడింది బండి. నాకు నొప్పి పోయింది. జుట్టు సరిచేసుకున్నాను కూడా, మంచి చేత్తో.

బండి దగ్గరికి వచ్చింది. మీద జెండా ఉంది. నాన్న నన్ను చూశాడు. నా చేతిని చూశాడు. తరవాత రోడ్డును చూశాడు. బండి మా ముందునుంచి వెళ్ళిపోయింది. వేగంగా వెళ్ళిపోయి ఉంటే క్షమించేదాన్ని. ముప్పై దాటరాదు కదా, అది నింపాదిగా, పెళ్ళి ఊరేగింపు వెళ్ళినట్టు వెళ్ళింది. ఆ నెమ్మదిలో నా అవమానం చూడటానికి పదిమందికీ సరిపడా సమయం దొరికింది. సమ్మయ్య కాక మాత్రం కిటికీలోంచి మెడ బయటపెట్టి నన్ను చూసి, పైకి చూసి, నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. పేలు కుడుతున్నాయేమో అనుకున్నాను.

"నాన్న ఆపలే," అన్నాను.

"జెండా ఉన్నది గదనే," అంది అమ్మ.

"అక్కకైతే ఆపిండు."

"అప్పుడు జెండా లేకుండె."

మిల్లు ఆడవాళ్ళలో ఒకామె అంది, "మంచిగనే పోనిచ్చిండు తల్లీ. గా జెండా ఉన్న బండి కన్నతల్లికి సుత ఆగదంట." అందరూ అవ్ అవ్ అన్నారు. కాసేపటికి మిరపకాయ బస్తాల మధ్య చోటున్న ట్రాలీ ఆటో ఒకటి వస్తే అమ్మ నన్ను అందులో ఎక్కించింది. దవాఖానా దాకా తుమ్ముతూనే ఉన్నాను. తుమ్మినప్పుడల్లా ఎముక కదిలేది. సాయంత్రం నాన్న బస్సులో వచ్చాడు, అరటిపండ్లు పట్టుకుని. కట్టు చూసి, "నొప్పున్నదా?" అన్నాడు. నేను గోడవైపు తిరిగాను. పన్నెండు రోజులు మాట్లాడలేదు. ఆయన కూడా మాట్లాడించలేదు. మామూలుగానే తక్కువ మాట్లాడే మనిషి కాబట్టి నా సమ్మె ఆయనకు తెలిసిందో లేదో కూడా తెలియదు.

చెయ్యి అతుక్కుంది. కొంచెం వంకరగా. మాటకు మాత్రం వంకర ఎక్కువే వచ్చింది. ఆ సంఘటనను నేను జోకు చేసుకున్నాను. కాలేజీ హాస్టల్లో, స్టాఫ్‌రూములో, పెళ్ళిళ్ళలో, ఎక్కడ నలుగురు దొరికితే అక్కడ చెప్పేదాన్ని. "మా నాన్న నన్ను చూసి హారను కూడా కొట్టలేదు. నియమాల్లో హారను గురించి లేదు మరి." అందరూ నవ్వేవారు. నాన్న ఉన్నప్పుడే చెప్పేదాన్ని, ఎదురు చెబుతాడేమోనని. ఆయన ఎన్నడూ ఒక్క ముక్క అనలేదు. అక్క పెళ్ళిలో బంతిలో కూర్చుని మరీ చెప్పాను. ఆ బంతిలోనే ఉన్న సమ్మయ్య కాక సగం అన్నం విస్తట్లో వదిలి చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. కూరలో కారం ఎక్కువైందనుకున్నాను. నేను ఆ రోజుల్లో చాలా అనుకునేదాన్ని.

మొన్నటి పెద్దకర్మ దగ్గరికి వస్తాను. భోజనాలయ్యాక కాక భార్య, మేము చిన్నమ్మ అంటాం, లోపలి నుంచి ఒక బట్టమడత తెచ్చి నాన్న చేతిలో పెట్టింది. ఒకప్పుడు ఎరుపు, ఇప్పుడు ఇటుక రంగు. మూలల్లో కట్టుతాళ్ళు. మందుబండి జెండా.

"ఇది అన్నకియ్యమన్నడు," అంది చిన్నమ్మ. "పెట్టెల పెట్టుకొని ఏడాదికోపాలి ఎండకేసెటోడు. ఎందుకయ్యా అంటే చెప్పకపోతుండె."

నాన్న దాన్ని విప్పలేదు. మడత మీద మడత పెట్టి చంకలో పెట్టుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. దుమ్ము పడిందేమో అని ఎవరూ అనుకోలేదు, నేను కూడా.

కారు మా బావది. నడిపేది నాన్న. ఆయన నడిపితే సారపాక నుంచి పాల్వంచకు మనిషి ఒక ఏడాది పెద్దవాడవుతాడు. ముందు సీట్లో అక్క, పెద్దరికం కింద. వెనక సీట్లో నేను, ఖాళీ అన్నం టిఫిను క్యారియరు. యూకలిప్టస్ కర్రల లారీలు ఒకదాని తరవాత ఒకటి మమ్మల్ని దాటి పోతున్నాయి. నేనే అడిగాను.

"జెండా ఆయన దగ్గరెందుకున్నది నాన్నా? కంపెనీ సామాను గద?"

నాన్న అద్దం సరిచేసుకున్నాడు. తరవాత రోడ్డు మీంచి చూపు తీయకుండా చెప్పాడు.

"ఆ రోజు బండి ఖాళీదే."

"ఏ రోజు?"

"నీ చెయ్యి ఇరిగిన రోజు. గనిల మందు దించినం. నేను లోపల చూసిన, బండి ఖాళీ. జెండ విప్పేది సమ్మయ్య పని. మర్శిండు. నేను సుత చూసుకోలే. మలుపుకాడ నిన్ను చూసి ఆపుదామని కాలు బ్రేకు మీద పెట్టిన. అప్పుడు యాదికొచ్చింది, మీద జెండ ఉన్నది."

"ఖాళీ బండే గద! ఆపితే ఏమైతుండె?" అంది అక్క, నాకన్నా ముందు.

"బండి ఖాళీ అని నాకెర్క. అక్కడున్న పదిమందికెర్కనా? జెండ ఉన్న బండి ఆగుడు, పిల్లనెక్కించుకునుడు వాళ్ళు కండ్లార చూస్తే, రేపటెల్లి నిండు బండొచ్చినా చెయ్యెత్తి ఆపుతరు. పోరగాండ్లు వెనక ఏలాడుతరు. ఒక్కపాలి అబద్ధమాడిన జెండను మళ్ళ ఎవ్వడు నమ్ముతడు?"

ఇలాంటి లెక్కల గురించి ముందే చెప్పాను.

"మలుపు దాటినంక బండి ఆపిన. సమ్మయ్య ఏడ్సుకుంటనే జెండ ఇప్పిండు. సన్నటి రోడ్డు, బండి తిప్పుడు కష్టం. తిప్పుకొని మళ్ళొచ్చినం. అప్పటికే మీరు లేరు. ముంజల ముసలామె చెప్పింది, ఇప్పుడే ఆటో ఎక్కిర్రని. ఎంటపడదామంటే బండి ముప్పై దాటదాయె."

"చీటీ?" అన్నాను. "చీటీ లేకుండనే వచ్చినవా?"

"చీటీ ఎవడిస్తడు రోడ్డు మీద?"

మా నాన్న చీటీ లేకుండా బండి తిప్పాడు. రూటు కాని రూటులో వెనక్కి వచ్చాడు. పాతది ఒడిసేదాకా కొత్త పచ్చడి ముట్టని మనిషి.

"మరి ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే?"

"చెప్తే జెండ ముచ్చట చెప్పాలె గద. సమ్మయ్య అప్పుడు టెంపరరీ. ఆ నెలలనే పర్మినెంటు కావాలె. జెండ మర్శిండని తెలిస్తే ఇంటికి పంపుతరు. ముగ్గురు పిల్లలు ఆనికి." ఒక గేరు మార్చి, అద్దంలో నన్ను చూశాడు. "పర్మినెంటైనంక సుత, నీకు చెప్పి ఊకుండేదెట్ల? నీ నోరు మూతలేని జాడి. ఇప్పుడు ఆడు లేడు, నేను రిటైరైన. రాస్తె రాసుకో. పేర్లు మార్చు."

మార్చాను.

ఇక్కడ నా పరిస్థితి కొంచెం అర్థం చేసుకోవాలి. అక్క మీద అసూయతో బతుకులో సగం గడిపేశాను అనుకుంటే, అసలు కుళ్ళుకోవలసింది అక్క మీద కాదు, సమ్మయ్య కాక మీద. కూతురు తనని రాయి అనుకున్నా పరవాలేదు, పక్క సీటువాడి ఉద్యోగం పోకూడదని ఇరవై ఏళ్ళు నోరు కట్టుకున్నాడు మా నాన్న. నేను పెళ్ళిళ్ళలో జోకు చెప్పిన ప్రతిసారీ ఆ రహస్యాన్ని ఇద్దరూ చెరో కొసనా పట్టుకుని కూర్చున్నారు. ఆ బంతిలో విస్తరి ముందునుంచి లేచిన మనిషికి కారం ఎక్కువ కాలేదు. ఆయన మీద కుళ్ళుకుందామంటే ఆయన లేడు. క్షమించమందామన్నా లేడు. ఆయన తెచ్చిన తునికిపండ్లు మాత్రం అన్నీ నేనే తిన్నాను.

"మరి ట్రిప్పు పుస్తకంల?" అని అడిగింది అక్క. బండి బయలుదేరిన టైము, చేరిన టైము, ఆలస్యమైతే కారణం, అన్నీ రాసే పుస్తకం అది. "ఆలస్యమెందుకైందని ఏం రాసినవ్?"

నాన్న ముందు ఒక ఎద్దులబండిని పోనిచ్చాడు. అది మమ్మల్ని దాటి పోయింది.

"గొర్ల మంద రోడ్డుకు అడ్డమొచ్చిందని రాసిన."

"అబద్ధం రాసినవా? నువ్వు?"

"అవ్. సమ్మయ్య సుత గట్లనే అడిగిండు. ముప్పై రెండేండ్ల సర్వీసుల గదొక్కటే." ఆయన ఇంకాస్త ముందుకు వంగి స్టీరింగు పట్టుకున్నాడు. "ఆ జెండ మళ్ళ కట్టబుద్ధి కాలేదు ఆనికి. చినిగిందని చెప్పి కొత్తది తెచ్చుకుండు. ఇది ఇంటికి కొంచబోయిండు."

అక్క కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టింది. చాలా దూరం పోయాక అడిగింది.

"ఎన్ని గొర్లు?"

"ఏమో. మంద అని రాసిన."

ఈసారి నాన్న వైపు తిరిగి అంది, "నాకోసం గట్ల ఎన్నడన్నా రాసినవా?"

"నీకు చీటీ ఉండె గదనే," అన్నాడు నాన్న.

నాకు నవ్వు వచ్చింది, ఆపుకోలేదు. ఫిట్సు జ్వరంలో, మేనేజరు సంతకంతో, నియమాల ప్రకారం ముందు సీట్లో కూర్చున్న ఏకైక ఆడపిల్ల ముఖం చూడాలని ముందుకు వంగాను. అక్క ముఖం నాకు బాగా తెలిసిన ముఖంలా ఉంది. అద్దంలో ఇన్నేళ్ళు చూసుకున్నదే. ఆ ట్రిప్పు పుస్తకం ఇప్పుడు లేదు, గని ఆఫీసు మార్చినప్పుడు పాత కాగితాలన్నీ తగలబెట్టేశారట. సాక్ష్యం లేదు. ఈ రోజుల్లో మందుబండ్లకు పైన శాటిలైటు చూసే యంత్రాలున్నాయి, ఎక్కడ ఆగింది, ఎంతసేపు ఆగింది అన్నీ ఎవరో కంప్యూటరు ముందు కూర్చుని చూస్తారు. క్షేమమే. కానీ అందులో గొర్రెల మందను రాయడానికి చోటు లేదు.

పాల్వంచలో అక్క ఇంటి ముందు కారు ఆగింది. అక్క దిగి, "దిగు, టీ తాగి పో," అని కూడా అనలేదు. నేను వెనకనుంచి దిగి వచ్చి ముందు సీట్లో కూర్చున్నాను. ఖమ్మం బస్సుకు నాన్న నన్ను బస్టాండులో దింపాలి. మడత జెండా నా ఒళ్ళో పెట్టుకున్నాను. కిటికీ గాలికి ఒక కొస విడివడి బయట రెపరెపలాడింది.

"లోపల పెట్టు దాన్ని," అన్నాడు నాన్న. "చూసెటోళ్ళు నిండు బండనుకుంటరు."

లోపల పెట్టాను. షిఫ్టు దిగిన సైకిళ్ళు మమ్మల్ని దాటాయి. ఐస్‌బండి దాటింది. బస్టాండుకు ఐదు నిమిషాల దారి. పావుగంట పట్టింది. ఇంకొంచెం నెమ్మదిగా పోనిస్తావా అని అడుగుదామనుకున్నాను, కానీ ముప్పై దాటరాదనే గానీ, ఇరవై కంటే తగ్గరాదని నియమాల్లో లేదు కదా, అడిగితే ఆయన నిజంగానే కారు ఆపేస్తాడని ఊరుకున్నాను.